బహమన్ ఏ నెల? ఒక సందూక, ఏడు షేర్ కాయితాలు, నేను చేసిన తప్పు

ఈ కేస్ పోయిన ఏడాది వానాకాలంల నా కాడికి వచ్చింది. రాయాల్నా వద్దా అని మస్తు రోజులు ఆగిన, ఎందుకంటే ఇందుల తప్పు చేసింది నేనే. కానీ మన దిక్కు పాత షేర్ సర్టిఫికెట్లు, బాండ్లు, ప్రోనోట్లు జమ చేసేటోళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నరు, నిజాం జమానా కాయితం చేతికొస్తే తారీఖు కాడ నా లెక్కనే బోర్ల పడతరు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్న. కుటుంబం పేరు, కంపెనీ పేరు మాత్రం రాయను, వాళ్లు వద్దన్నరు, కంపెనీ పేరు ఒక్కటి చెప్పినా జమ్మికుంట మార్కెట్ల సగం మందికి ఆ ఇల్లు ఏదో తెలిసిపోతది.

నేనుండేది హన్మకొండల. ఉస్మానియా సిక్కా (నిజాం రూపాయి) నోట్లతోని మొదలుపెట్టి మెల్లగ షేర్ కాయితాల మీద పడ్డ, పదిహేడేండ్లు అయితుంది. ఇప్పుడు ఎవరింట్లనన్న పాత సందూక తెరిస్తే ఫోన్ నాకే వస్తది. ఈ పనికి ఇంగ్లీషుల స్క్రిపోఫిలీ అని పేరు కూడ పెట్టిండ్రు, 1970లల, అది నోరు తిరగది, మా ఇంట్ల అయితే దీన్ని కాయితాల పిచ్చి అంటరు.

ఫోన్ చేసినాయన రిటైర్డ్ లెక్కల సార్. "తమ్మీ, మా తాత షేర్లు దొరికినయి, 1940లయి, మా పిలగాడు వాట్సాప్ల చూసిండు, ఇసొంటియి కోట్లకు పోతున్నయట గద" అన్నడు. ఆ మెసేజ్ నాకూ పదిసార్లు వచ్చింది. జార్ కాలం రష్యా రైల్వే బాండ్లు, చైనా సర్కార్ 1913ల తీసిన గోల్డ్ లోన్ బాండ్లు ఫోటోలు పెట్టి, వాటికి ఇప్పుడు ఆ దేశాలు వడ్డీతోని కడతయి అని రాస్తరు. రష్యా అప్పులను బోల్షివిక్కులు 1918లనే కట్టేది లేదని చెప్పేసిండ్రు. ఆ బాండ్లు లక్షలల్ల అచ్చయినయి కాబట్టి ఇప్పటికీ మస్తు దొరుకుతయి, గోడకు తగిలించుకోనీకి మంచిగుంటయి. ఇదంతా ఫోన్ల చెప్పలే, చెప్తే మనిషి కాయితాలు చూపియ్యడు, "సార్, మీరేం ముట్టకుండ్రి, నేనే వస్త" అన్న.

అప్పటికే ముట్టిండ్రు. నేను పోయేసరికి ఒక సర్టిఫికెట్ నడుమల చినిగిన కాడ సెల్లో టేప్ వేసి ఉంది, ఇంకోటి జిరాక్స్ సెంటర్ల లామినేషన్ చేయించుకొచ్చిండ్రు. పిలగాడు గర్వంగ చూపిచ్చిండు. ఏమంటం, నవ్విన. సెల్లో టేప్ గమ్ము కొన్నేండ్లకు పసుపు పచ్చగయి కాయితంలకు దిగుతది, తీస్తే పై పొర కూడ వస్తది. లామినేషన్ అయితే ఇంకా ఘోరం, వేడితోని అతికిచ్చినంక మళ్ల ఊడదు, ఏ కలెక్టరూ (జిల్లా కలెక్టర్ కాదు, ఇసొంటి కాయితాలు జమ చేసేటోడు) దాన్ని కొనడు. చినిగింది చినిగినట్టే ఉంటే దానికి కనీసం ఒక రేటు ఉంటుండె.

సందూకల ఏమున్నయంటే, ఏడు షేర్ సర్టిఫికెట్లు, నిజాం సర్కారు స్టాంపు కాయితం మీద రాసిన మూడు ప్రోనోట్లు, ఆడ్తి దుకాణం చిట్టా ఒకటి, డివిడెండ్ కౌంటర్ ఫాయిళ్లు, అంటే షేరు మీద లాభంల వాటా ఇచ్చినట్టు చీటీలు, దారంతోని కట్టినయి ఒక కట్ట, అడుగున ఇంగ్లీషుల అచ్చేసిన లెటర్ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ లెటర్ ఆ రోజు విప్పలే. మడత కాడ కాయితం ఇరిగేటట్టుండె, దాన్ని రెండు రోజులు బ్లాటింగ్ పేపర్ నడుమ పెట్టినంక విప్పాలె అనుకొని పక్కకు పెట్టిన. అదే ముందు విప్పితే ఈ కథంతా ఉండకపోవు.

సర్టిఫికెట్ ఎట్లుందో చెప్త. మందపు కాయితం, అంచులు గోధుమ రంగుకు తిరిగినయి, చుట్టూ ఆకుపచ్చ బార్డర్, కంపెనీ పేరు నడుమల ఇంగ్లీషుల, దాని మీద ఉర్దూల. కింద ఎడమ దిక్కు కంపెనీ మోహరు గుద్దింది, వేలు పెట్టి చూస్తే ఉబ్బెత్తుగ తగులుతది, పక్కన హైదరాబాద్ సర్కారు రెవెన్యూ స్టాంపు, దాని మీదికెల్లి పోయిన డైరెక్టర్ దస్కతు. పై మూలకు సీరియల్ నంబర్, ఫోలియో నంబర్, నడుమల ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాక షేర్లు అని. ఒక్కోదాంట్ల పదేసి షేర్లు, షేరు 10 రూపాయలు, అంటే మొత్తం 70 షేర్లు, 700 రూపాయలు. పిలగాడు వెంటనే "700 అంటే అప్పట్ల ఎంతో" అని లెక్కలు షురూ చేసిండు, నేనన్న ఆగు, ఇవి నిజాం సర్కారు హాలి రూపాయలు, ఇంగ్లీషోళ్ల కల్దార్ కావు, 7 హాలి రూపాయలకు 6 కల్దార్ రూపాయలు, కాబట్టి 700 అంటే 600 కల్దార్. ఇష్యూ అయింది 1351 ఫస్లీల (నిజాం సర్కారు సాల్ లెక్క), అంటే 1941-42. రెండో యుద్ధం నడుస్తున్న రోజులు, హైదరాబాద్ రాజ్యంల కంపెనీలు ఒకదాని ఎనుక ఒకటి పుట్టినయి, ఆల్విన్ 1942, ప్రాగా టూల్స్ 1943, హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కూడ 1943ల్నే. అప్పట్ల పత్తి ఆడ్తి చేసే కోమట్లు, దొరలు, వకీళ్లు ఇసొంటి షేర్లు తీసుకునేది, అందుకే మన దిక్కు సందూకలల్ల ఇవి ఇంకా దొరుకుతున్నయి.

ఇగ నా పద్ధతి. ఎవరు కాయితం తెచ్చినా నేను ముందు రేటు చెప్ప. ఇది బతికున్న షేరా (ఇప్పటికీ పైసలు వచ్చేదా), సచ్చిన షేరా అనేది తేల్చాలె. బతికున్నదాన్ని కలెక్టర్‌కు అమ్మితే కొంప మునుగుతది. ఇది నాకు సొంతంగ తెల్సిన సంగతే, మొదట్ల బట్టల బజార్ కాడ ఒక రద్దీ కాయితాల దుకాణంల కొన్న కట్టలకెల్లి ఒక సర్టిఫికెట్ 800కు అమ్మిన, ఆ కంపెనీ పేరు మార్చుకొని ఇంకా నడుస్తుందని రెండేండ్ల తర్వాత తెల్సింది, అది ఎవరి పేరు మీదున్నదో వాళ్ల వారసులకు చెప్దామంటే నా కాడ ఫోటో కూడ లేదు. పేరు మారుడు చిన్న సంగతి కాదు. వజీర్ సుల్తాన్ టొబాకో అని 1930ల పుట్టిన కంపెనీ ఇప్పుడు వీఎస్టీ ఇండస్ట్రీస్, లిస్టెడ్ కంపెనీ. పాత పేరుతోని సర్టిఫికెట్ చేతిల పట్టుకొని ఆ కంపెనీ ఎప్పుడో పోయింది అనుకుంటే అయిపాయె.

ఇంకో రకం ఉంటది, కంపెనీ బతికే ఉంటది కానీ కాయితం సచ్చి ఉంటది. సింగరేణి చూడుండ్రి. 1886ల ఇంగ్లండ్ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని పెట్టిండ్రు, అదే 1920ల సింగరేణి కాలరీస్ అయింది, షేర్లు లండన్ల కూడ అమ్ముడు పోయేది, 1945ల నిజాం సర్కారు కొనేసింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 కేంద్రానిది. పాత సింగరేణి షేర్ కాయితం ఎవరికన్న దొరికితే అది పట్టుకొని బొగ్గుల వాటా అడగలేం, కానీ కలెక్టర్లు మాత్రం ఎగబడతరు.

దాని తర్వాతి పని ఎనుక దిక్కు తిప్పి చదువుడు. కొత్తగ జమ చేసేటోళ్లు ముందుదిక్కు బొమ్మ, బార్డర్ చూసి మురుస్తరు. నాకు ఎనుక దిక్కే ఇష్టం, షేరు ఎవరి చేతులకెల్లి ఎవరికి పోయిందో అంతా ఆడ్నే ఉంటది. గళ్లు గీసి, తారీఖు, ఎవరి పేరుకు మారింది, ట్రాన్స్‌ఫర్ నంబర్, దస్కతు.

ఏడింటిల మూడింటి ఎనుక గళ్లు ఖాళీ. నాలుగింటి మీద మాత్రం ఉర్దూల ఎంట్రీ ఉంది, గోధుమ రంగుకు తిరిగిన సిరాతోని. నాకు ఉర్దూ కొద్దిగనే వస్తది, పేర్లు, అంకెలు, నెలలు కూడబలుక్కొని చదువుత. సార్ వాళ్ల తాత పేరుకెల్లి ఆయన తమ్ముని పేరుకు 40 షేర్లు మారినయి, తారీఖు 10 బహమన్, 1353 ఫస్లీ.

ఫస్లీ సాల్ అక్టోబర్ 6 సుమారుకు మొదలయితదని, 590 కలిపితే మొదలయిన ఇంగ్లీషు సాల్ వస్తదని నాకు తెల్సు. 1353 అంటే 1943 అక్టోబర్ నుంచి 1944 అక్టోబర్ దాక. ఇగ బహమన్ ఏ నెల అన్నది గుర్తు రాలే. ఫోన్ల ఒక యాప్ ఉండె, ఇరాన్ క్యాలెండర్ది, దాంట్ల చూస్తే బహమన్ పదకొండో నెల. అక్టోబర్‌కెల్లి పదకొండు లెక్క పెట్టిన. 1944 ఆగస్టు. అప్పుడే సార్‌తోని అనేసిన, "సార్, ఈ నాలుగు 1944 ఆగస్టుల మీ చిన్న తాత పేరు మీదికి పోయినయి" అని.

సార్ ఏం మాట్లాడలే. లేచి లోపలి గదిలకు పోయి గోడ మీది ఫోటో తీసుకొచ్చిండు, తలపాగ పెట్టుకున్న మనిషి, ఫ్రేం కింద స్వర్గస్తులైన తేదీ 14-2-1944 అని పెయింట్‌తోని రాసి ఉంది.

"అంటే మా తాత సచ్చిన ఆర్నెల్లకు లేచొచ్చి దస్కతు పెట్టిండా తమ్మీ?"

నేను అప్పుడన్న నోరు మూసుకోవాలె. "ఇంకోసారి చూద్దాం సార్" అన్న కానీ ఆ మాట ఎవరూ ఇనలే. ఆ సాయంత్రమే సార్ కరీంనగర్‌ల ఉన్న అన్నకు, అంటే చిన్న తాత మనుమనికి, ఫోన్ చేసిండట, మీ తాత దొంగ దస్కతు పెట్టిండు అని. రెండిండ్ల నడుమ అప్పటిదాక ఏ లొల్లి లేదు, వచ్చే నెల కరీంనగర్ వాళ్లింట్ల పెండ్లి, సార్ వాళ్లు పోయేది లేదని చెప్పేసిండ్రు. డెబ్బై షేర్లల్ల నలభై, హాలి సిక్కాల 400 రూపాయలు.

నాకు రెండు రాత్రులు సరిగ నిద్ర పట్టలే. ఒక్కటి మాత్రం మొదటికెల్లి కొడుతుండె, దొంగ దస్కతు పెట్టేటోడు ఏడూ రాసుకోకుండ నాలుగే ఎందుకు రాసుకుంటడు? ఇంటికి తెచ్చుకున్న ఫోటోలు (ఒరిజినల్స్ నేనెప్పుడూ తెచ్చుకోను, ఫోటో తీసి, ఏమేం చూసిన్నో లిస్ట్ రాసి వాళ్లకు దస్కతు పెట్టిస్త) మళ్ల ఒక్కొక్కటి కంప్యూటర్ల పెద్దగ చేసి చూసిన. డివిడెండ్ కౌంటర్ ఫాయిళ్లల్ల ఒకటి చిన్న తాత పేరు మీద ఉంది, 40 షేర్లకు, ఖుర్దాద్ 1353. నా లెక్క ప్రకారం, అదే యాప్ల, ఖుర్దాద్ మూడో నెల, అంటే 1943 డిసెంబర్. ట్రాన్స్‌ఫర్ ఏమో 1944 ఆగస్టు. షేర్లు పేరు మీదికి రాకముందే ఎనిమిది నెలల ముందు డివిడెండ్ ఎట్లొస్తది? కంపెనీ ఇయ్యది కద. అయితే కౌంటర్ ఫాయిల్ తప్పు, లేకుంటే నేను తప్పు.

తెల్లారి మండి బజార్ల ఉర్దూ చదివే చాచా కాడికి పోయిన. ఎనభై దాటినయి, పాత రిజిస్ట్రీ దస్తావేజులు చదివి పెడతడు, పట్టా పాసుబుక్కుల లొల్లి వచ్చినప్పుడల్ల ఆయన ఇంటి ముందు లైనుంటది. ఫోన్ల ఫోటో చూపిచ్చి బహమన్ ఎన్నో నెల చాచా అన్న. నవ్విండు. "ఇరాన్ల నౌరోజ్‌కు సాల్ షురూ బేటా, ఫర్వర్దీతోని. మన సర్కార్ల ఆజర్‌తోని షురూ. పేర్లు అవ్వే, మొదలు వేరే." చెయ్యి ముందట పెట్టి వేళ్ల గణుపుల మీద లెక్క పెట్టిండు, ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. బహమన్ మూడోది. ఖుర్దాద్ ఏడోది.

అంటే ట్రాన్స్‌ఫర్ 1943 డిసెంబర్. డివిడెండ్ 1944 ఏప్రిల్. సార్ వాళ్ల తాత పోయింది ఆ రెండిటి నడుమ, ఫిబ్రవరిల. దస్కతు పెట్టేటప్పటికి మనిషి బతికే ఉన్నడు, పోయేముందు రెండు నెలలకు తమ్మునికి 40 రాసిచ్చి తన పేరు మీద 30 పెట్టుకున్నడు. అంతా సాఫ్‌గనే ఉంది. గలీజు చేసింది నా ఫోన్ల యాప్.

కొత్తగ జమ చేసేటోళ్లు దీన్ని రాసిపెట్టుకోండ్రి. నిజాం ఫస్లీ తారీఖు వస్తే ఆజర్, దై, బహమన్ దాక 590 కలపాలె, జనవరి పడ్డంక, అంటే ఇస్ఫందార్‌కెల్లి ఆబాన్ దాక 591. బహమన్ ఆఖరి రోజులు మాత్రం జనవరిల పడే చాన్స్ ఉంది, అసొంటి తారీఖు వస్తే ఒట్టి లెక్క మీద కొట్లాట పెట్టకుండ్రి, పాత జంత్రి (పంచాంగం) చూడుండ్రి.

జమ్మికుంటకు పోయి చెప్పుడు మస్తు కష్టమైంది. సార్ ముందు నమ్మలే, "మొన్న ఒకటి చెప్తివి, ఇయ్యాల ఒకటి చెప్తున్నవు" అన్నడు, అనాలె కూడ. కౌంటర్ ఫాయిల్ ముందట పెట్టి, రెండు లెక్కలు కాయితం మీద గీసి, నా లెక్కతోని డివిడెండ్ ముందొచ్చి ట్రాన్స్‌ఫర్ ఎనుకొస్తుంది చూడుండ్రి అన్న. లెక్కల సారు కాబట్టి ఆ పాయింట్ వెంటనే పట్టుకున్నడు. నేను తప్పు చదివిన అని తారీఖేసి దస్కతు పెట్టి రెండిండ్లకు చెరొక కాపీ ఇచ్చిన. ఫీజు తీసుకోలే. కరీంనగర్ అన్న ఫోన్ల పెద్దగ ఏమనలే కానీ "పెండ్లి కార్డు మళ్ల పంపాల్నా?" అన్నడు, ఎవరికి చెప్పాలె ఆ మాట.

అప్పుడు ఆ మడత లెటర్ విప్పినం. బ్లాటింగ్ పేపర్ల నుంచి తీస్తే మెత్తగయి ఇరగకుండనే వచ్చింది. కంపెనీ లిక్విడేటర్ (మూతపడ్డ కంపెనీ ఆస్తులు అమ్మి లెక్క తేల్చేటోడు) షేర్ హోల్డర్లకు రాసింది, 1950లది, అప్పులు పోను మిగిలింది పంచినం, ఇదే ఆఖరి వాయిదా, ఇగ షేరు మీద ఏం రాదు అని. లెటర్ మీద పెన్సిల్‌తోని ఎవరో తెలుగుల ముట్టింది అని రాసి పొట్టి సంతకం పెట్టిండ్రు. పిలగాడు అంతకుముందే కంపెనీల లెక్క చూసే కేంద్ర శాఖ, ఎంసీఏ, వెబ్‌సైట్ల కంపెనీ పేరు కొట్టి చూసిండు, ఏం రాలే, నేను కూడ పాత పేర్లు, కలిసిన కంపెనీలు అన్నీ వెతికిన, లేదు. లెటర్‌తోని ఖాయమైంది. సచ్చిన షేరు, పైసలు కూడ అప్పుడే తీసుకున్నరు.

ఇగ కలెక్టర్ రేటు. ఇది ఒక్క తీరుగ ఉండదు. కంపెనీ ఏది, అచ్చు ఎంత మంచిగుంది, ఎవరి దస్కతు, రెవెన్యూ స్టాంపు ఉందా, క్యాన్సిల్ అని రంధ్రాలు కొట్టిండ్రా, ఇష్యూ అయిందా లేక ఖాళీ ఫారమా, అన్నిటికన్న పెద్దది మార్కెట్ల అసొంటియి ఎన్ని ఉన్నయి అనేది. అమెరికాల ఆయిల్ కుబేరుడు రాక్‌ఫెల్లర్ సంతకం ఉన్న స్టాండర్డ్ ఆయిల్ సర్టిఫికెట్ అంటే ఆ సంతకానికే రేటు. మన కాడ అసొంటి పేరు లేదు, కానీ ఎనుక ఉర్దూ ఎంట్రీ, ఫస్లీ తారీఖు, హైదరాబాద్ స్టాంపు మూడూ ఒకే కాయితం మీద ఉండుడు కలెక్టర్లకు నచ్చుతది. హైదరాబాద్ల ఒకాయనకు ఫోటోలు పంపితే ఎనుక ఎంట్రీ ఉన్నదానికి 4,500, లేనిదానికి 3,200 అన్నడు, టేప్ వేసినదానికి 900, లామినేషన్‌ది వద్దన్నడు. కోట్లు కాదు. నేను వాల్యూ చెప్పిన కాయితం నేను కొన, ఇది నేను పెట్టుకున్న కట్టుబాటు, అప్పుడు నేను చెప్పిన రేటు మీద ఎవరికీ డౌట్ రాదు.

పిలగాడు ఆన్‌లైన్ల లండన్ వాడెవడో ఇంకా ఎక్కువ ఇస్తనన్నడని చూపిచ్చిండు. వద్దన్న. 1972ల వచ్చిన పురావస్తువుల చట్టంల 75 ఏండ్లు దాటిన, చరిత్ర విలువున్న రాతప్రతులు, రికార్డులు కూడ వస్తయి, సర్కారు, సర్కారు ఒప్పుకున్న సంస్థలు తప్ప ఇంకెవరూ వాటిని దేశం దాటియ్యరాదు. ఇది దాంట్లకు వస్తదా రాదా అన్నది పురావస్తు శాఖోళ్లు తేల్చాలె, నువ్వూ నేనూ కాదు. మూడు వేల కాయితం కోసం కస్టమ్స్ కాడ నిలబడుడు అవసరమా.

ఆఖరికి ఎంట్రీ ఉన్న నాలుగు కరీంనగర్ వాళ్లకు పోయినయి, మిగిలిన మూడు సార్ వాళ్లకు. టేప్‌ది, లామినేషన్‌ది రెండూ సార్ వాటాలనే పడ్డయి, మంచిగున్న ఒక్కటి హైదరాబాద్ ఆయనకు 3,200కు అమ్మిండ్రు. కరీంనగర్ వాళ్లు ఒక్కటి కూడ అమ్మలే. పాలియెస్టర్ కవర్లు కొనిచ్చిన, పీవీసీవి వద్దు, అవి కొన్నేండ్లకు జిగటయి అచ్చు కవర్‌కు అంటుకుంటది. నఫ్తలిన్ గోళీలు కాయితం మీద పెట్టకుండ్రి, ఏదన్న రాయాలంటే కవర్ మీద పెన్సిల్‌తోనే అని చెప్పిన.

ఇంకోటి ఉంది. మొదటిరోజు సందూకకెల్లి కాయితాలు తీసేటప్పుడు పక్కన అల్మారల బట్టల కింద పరిచిన పేపర్ల నడుమ ఒక షేర్ సర్టిఫికెట్ కనవడ్డది, కంప్యూటర్ అచ్చు, తెల్ల కాయితం, బార్డర్ కూడ సరిగ లేదు, 1992ది, సార్ వాళ్ల నాయన పేరు మీద, ఒక సిమెంట్ కంపెనీది, 100 షేర్లు. అప్పుడు ఊరంతా పబ్లిక్ ఇష్యూలకు ఫారాలు నింపిన రోజులు. సార్ దాన్ని పట్టించుకోలే, కలెక్టర్ ఎవడూ దాన్ని ఐదు రూపాయలకు కొనడు. నేను ఊరికే ఫోటో తీసుకొని వచ్చి చూస్తే కంపెనీ నడుస్తుంది, బోనస్ షేర్లు వచ్చినయి, ఒక్కో షేరు ముక్కలయి (స్ప్లిట్) ఎక్కువైనయి, ఆ రోజు రేటుకు లక్ష దాటింది. ఏడేండ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్‌కు (ఎవరూ అడగని షేర్లు, డివిడెండ్లు జమయ్యే సర్కారు నిధి) పోతయి, ఇవి కూడ పోయినయి, పోయినా వారసులు మళ్ల తెచ్చుకోవచ్చు. లిస్టెడ్ కంపెనీ కాయితం షేర్లను 2019 ఏప్రిల్ 1 నుంచి ఇంకోరికి అమ్మి ట్రాన్స్‌ఫర్ చేసుడు బంద్ అయింది, కానీ వారసుల పేరుకు మార్చుడు బంద్ కాలే. కంపెనీకి డెత్ సర్టిఫికెట్, వారసుల కాయితాలు పంపి ముందు వాళ్ల కాడ లెటర్ తీసుకోవాలె, దాని తర్వాత ఐఈపీఎఫ్-5 ఫారం.

అది ఇంకా నడుస్తుంది. పోయిన నెల కంపెనీ షేర్ లెక్కలు చూసే రిజిస్ట్రార్ కాడికెల్లి లెటర్ వచ్చింది, షేర్ మీద నాయన పేరు స్పెల్లింగ్ ఒకటి, డెత్ సర్టిఫికెట్ల ఇంకోటి, అఫిడవిట్ తెమ్మన్నరు. సార్ నోటరీ కోసం హన్మకొండకు వచ్చి మా ఇంటికొచ్చిండు, ఆ స్టాంపు కాయితం మీద తారీఖు రాసేటప్పుడు నా దిక్కు చూసి "ఇది ఏ నెల తమ్మీ?" అన్నడు.